కోపం దిగేదాకా పక్కన ఒకరు

అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని మా శివారు పట్టణంలో తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు మామూలుగా లెక్కల ట్యూషన్లు, తాజా గోంగూర వచ్చిన కొట్లు, హెచ్1బీ తంటాల మీద నడుస్తుంది. పోయిన నెల మా పిల్లలు చదివే బడి నుంచి ఒక ఈమెయిలు వచ్చింది. అందులో రెండు సంగతులు. ఆ రోజు పిల్లల చేత లాక్‌డౌన్ డ్రిల్, అంటే ఎవడైనా తుపాకితో బడిలోకి వస్తే తలుపులు మూసుకుని దాక్కునే అభ్యాసం, చేయించామన్నది మొదటిది. గ్రాంటు డబ్బు ఆగిపోయినందువల్ల వచ్చే విద్యా సంవత్సరం నుంచి పిల్లల బాధలు విని ధైర్యం చెప్పే కౌన్సెలర్ ఉద్యోగం ఒకటి ఉండదన్నది రెండోది. మొదటి సంగతి మీద గ్రూపులో అర్ధరాత్రి దాకా వాదన సాగింది. మెటల్ డిటెక్టర్లు పెట్టాలన్నారు, గేటు దగ్గర ఇద్దరు పోలీసులుండాలన్నారు. "పిచ్చివాళ్లను ముందే పట్టుకుని ఆస్పత్రిలో పడేస్తే సరి" అని ఒకాయన రాస్తే వరసగా బొటనవేళ్లు లేచాయి. కౌన్సెలర్ సంగతి నేను ఎత్తితే "మీరు మరీ సున్నితమండీ" అనే జవాబు, పక్కన ఒక నవ్వు బొమ్మ వచ్చాయి. గ్రూపులో నాలుగు వాక్యాలు దాటితే ఎవరూ చదవరు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కుర్రవాళ్ల చేతుల్లో తుపాకి పేలకుండా ఆపగలిగే కార్యక్రమాలు ఈ దేశంలో ఉన్నాయి. అవి ఎవరి పిచ్చికీ వైద్యం చెయ్యవు. కోపమో భయమో తలకెక్కిన ఆ కాసేపు కుర్రవాడి పక్కన ఒక పెద్దమనిషి ఉండేలా చూస్తాయి, ఆ మనిషి లేనప్పుడు ఎలా నిగ్రహించుకోవాలో నేర్పుతాయి. నడిచినంత కాలం పనిచేస్తాయి. ఆపేస్తే చాలా మటుకు ఫలితం కూడా పోతుంది. కనుక వాటిని ఆపకూడదు. ఈ ఆఖరి మాట దగ్గరే నాతో చాలామంది పేచీ పెట్టుకుంటారు.

పిచ్చి ఎవరికి?

బడిలో కాల్పులు జరిగిన ప్రతిసారీ రాజకీయ నాయకులు మానసిక ఆరోగ్యం పేరెత్తుతారు. తుపాకుల మాట ఎత్తకుండా తప్పించుకునేందుకు అది వాళ్లకు మంచి దారి. డ్యూక్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల తరబడి ఈ విషయం మీదే పనిచేసిన జెఫ్రీ స్వాన్సన్ లెక్క ప్రకారం, తీవ్ర మానసిక వ్యాధులన్నింటినీ రేపు పొద్దుటికల్లా నయం చేసినా అమెరికాలో హింస తగ్గేది నూటికి నాలుగు పాళ్లే. మిగిలిన తొంభై ఆరు పాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

చికాగోలో హత్యలకు కారణాలు వెతికినవాళ్లు చెప్పేది వింటే మొదట నమ్మబుద్ధి కాదు. ముఠాలు మాదకద్రవ్యాల వ్యాపారం కోసం పథకం వేసుకుని చంపుకోవడమని మనం అనుకుంటాం. నిజానికి ఎక్కువ భాగం మాటా మాటా పెరిగి జరిగినవే. ఒకడు సామాజిక మాధ్యమంలో ఏదో అన్నాడు, ఇంకొకడు ఎగాదిగా చూశాడు, మూడోవాడి జేబులో పిస్తోలు ఉంది.

మా ఆఫీసులో నాతో పనిచేసే ఒకాయన చికాగో పడమటి వాడల్లో పెరిగాడు. ఒకసారి మధ్యాహ్న భోజనం వేళ ఈ ప్రస్తావన వస్తే తన పదహారో ఏట జరిగింది చెప్పాడు. స్నేహితుడికి తూటా తగిలిన వారం అది. భయంతో ఈయన కూడా బొడ్లో తుపాకి పెట్టుకుని తిరుగుతున్నాడు. బస్సు స్టాపులో ఎవడో కోటు పట్టుకుని లాగాడట. ఇంటికొచ్చి, మళ్లీ బయటకు వెళ్లబోతుంటే బాస్కెట్‌బాల్ నేర్పే మాస్టారు ఎదురయ్యాడు. ఏం జరిగిందని అడగలేదు. కారెక్కమన్నాడు, ఒక పెద్ద పొట్లం బంగాళాదుంప వేపుడు కొన్నాడు, రాత్రి ఒంటిగంట దాకా ఆటల గురించి, తన పాత కారు ఇంజను గురించి ఏవేవో కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. "ఆయన నన్నేమీ మార్చలేదు. ఆ రాత్రి దాటించాడంతే" అన్నాడు మా సహోద్యోగి. ఆ తరువాత ఆయన ఇంజనీరింగ్ చదివాడు, ఇప్పుడు ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఆ మాస్టారికి ఆ రాత్రి పనికి ఎవరూ జీతమివ్వలేదని కూడా గుర్తుచేశాడు.

ఈ వాడలకూ మనకూ సంబంధమేమిటని అడిగేవాళ్లున్నారు. పెట్రోలు బంకుల్లో, చిన్న దుకాణాల్లో రాత్రి పూట పనిచేసే మన విద్యార్థులు కాల్పుల్లో చనిపోయిన వార్తలు ఖమ్మం నుంచి గుంటూరు దాకా అందరూ చదివినవే. వార్త రాగానే మన సంఘాలు చందాలు వసూలు చేస్తాయి, భౌతిక కాయాన్ని ఇంటికి చేర్చడానికి కాన్సులేటు చుట్టూ తిరుగుతాయి. చెయ్యవలసిన పనే, చాలా బాగా చేస్తాయి కూడా. తుపాకి పట్టుకున్న రెండో కుర్రవాడి గురించి మాత్రం మన సభల్లో నేను ఒక్క ప్రసంగం వినలేదు. వాడికీ పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. రెండేళ్ల ముందు వాడి దగ్గరకు ఎవరైనా వెళ్లి ఉంటే అన్న ఊహ మనకు రాదు. దుఃఖంలో ఉన్నవాళ్లను అలా ఆలోచించమనడం అన్యాయం, ఒప్పుకుంటాను. దుఃఖంలో లేని మిగతా మనకేం అడ్డు?

పిడికిట్లో నిమ్మకాయ

చికాగోలో యూత్ గైడెన్స్ అనే సంస్థ బడుల్లో నడిపే కార్యక్రమం ఒకటుంది, పేరు 'బికమింగ్ ఎ మ్యాన్'. వారానికొక పీరియడు మగపిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. నడిపేది ఆ వాడల భాష, బాధ తెలిసిన మనిషి. మొదట్లో ఆడించే ఆట ఇది: ఇద్దరిద్దరిని జతలు చేసి ఒకడికి బంతి ఇస్తారు, అర నిమిషంలో దాన్ని వాడి పిడికిట్లోంచి తీసుకోమని రెండోవాడికి చెబుతారు. ఇక గుంజడం, వేళ్లు విరవడం, కలబడి కింద పడటం. సమయం అయిపోయాక నడిపే ఆయన అడుగుతాడు: ఇవ్వమని ఎవరూ అడగలేదేం? అడిగితే ఇచ్చేవాడివా? చాలామంది "ఇచ్చేసేవాణ్ణేమో, వట్టి బంతే కదా" అంటారట.

చదవడానికి ముచ్చటగా ఉంది కదా అని మా ఇంట్లో విందుకు వచ్చిన పిల్లల చేత బేస్‌మెంటులో ఆడించి చూశాను. బంతి లేక నిమ్మకాయ ఇచ్చాను. మా వాడు ఎదుటివాడి చెయ్యి కొరికినంత పని చేశాడు. ఒక అమ్మాయి మాత్రం మర్యాదగా "ప్లీజ్, ఇస్తావా?" అని అడిగింది. ఆ పిల్లవాడు తాపీగా "ఇవ్వను" అన్నాడు. పుస్తకంలో ఉన్నట్టు జరగలేదు. కానీ ఆ "ఇవ్వను" తరువాత ఆ అమ్మాయి కాసేపు ఆగి, ఏం చెయ్యాలా అని ఆలోచించింది. మా వాడు అలా ఆలోచించనే లేదు. ఈ కార్యక్రమం నేర్పేది ఆ ఆగడమే అనుకుంటాను. లోకమంతా మంచిదని, అడిగితే ఇస్తుందని నేర్పితే ఆ వాడల్లో పిల్లలు దెబ్బతింటారు. అక్కడ ఒక్కోసారి తిరగబడటం కూడా అవసరమేనని నడిపేవాళ్లకు తెలుసు. ఏది ఏ సందర్భమో చూసుకునే వ్యవధి తెచ్చుకోమంటారు, అంతే.

ఫలితాల సంగతి. నేరాల మీద పరిశోధన చేసే చికాగో విశ్వవిద్యాలయం క్రైమ్ ల్యాబ్‌వాళ్లు లాటరీ తీసి కొందరిని చేర్చుకుని, చేరని వాళ్లతో పోల్చి చూశారు. 2017లో అచ్చయిన ఆ పరిశోధనలో, కార్యక్రమం నడుస్తున్న కాలంలో హింసాత్మక నేరాలకు అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయి. హైస్కూలు పూర్తి చేసినవాళ్లు పెరిగారు. వారానికొక గంట కబుర్లకు ఇంత ఫలితమా అని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే కార్యక్రమం ముగిశాక అరెస్టుల తగ్గుదల నిలవలేదు. మరిన్ని బడులకు విస్తరించినప్పుడు అదే ఫలితం ప్రతిసారీ రాలేదు కూడా. సమర్థించేవాళ్లు ఈ రెండో సగం చెప్పరు, వ్యతిరేకించేవాళ్లు మొదటి సగం చెప్పరు.

ఆపితే పోతుంది, నిజమే

మా నాన్నగారికి ఇరవై ఏళ్లుగా బీపీ మాత్ర నడుస్తోంది. మానేస్తే వారంలో బీపీ పెరుగుతుంది. అందువల్ల ఆ మాత్ర పనికిరాదని గుంటూరులో ఏ డాక్టరూ ఇంతవరకు అనలేదు. కుర్రవాళ్లతో చేసే పని దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక ఏడాది గ్రాంటు ఇచ్చి, మరుసటి ఏడాది ఆపి, మూడో ఏడాది కొలిచి, "నిలకడైన ఫలితం లేదు" అని నివేదిక రాస్తారు. పదిహేనేళ్ల వయసు ఏటా కొత్త పిల్లలకు వస్తూనే ఉంటుంది కదా! ఆ వయసు దాటేదాకా తోడుండాలంటే ఖర్చు ఏటా ఉండవలసిందే.

ఇంకొకటి ఉంది. ఒట్టి మాటలు ఎంత కాలం నిలుస్తాయన్నదానికి పశ్చిమాఫ్రికా దేశమైన లైబీరియాలో ఒక మంచి పరీక్ష జరిగింది. అంతర్యుద్ధం ముగిశాక ఆ దేశ రాజధాని మన్రోవియాలో దొంగతనాలు, కొట్లాటలతో బతికే 999 మంది మగవాళ్లను తీసుకుని, లాటరీ ప్రకారం కొందరికి ఎనిమిది వారాల కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచననూ నడవడికనూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స), కొందరికి 200 డాలర్ల నగదు, కొందరికి రెండూ ఇచ్చారు, మిగతావాళ్లకు ఏదీ ఇవ్వలేదు. థెరపీ ఒక్కటే అందినవాళ్లలో ఏడాదికల్లా ఫలితం పలచబడింది. రెండూ అందినవాళ్లలో పదేళ్ల తరువాత కూడా నేరాలు సగానికి దగ్గరగా తగ్గి ఉన్నాయి. ఆ డబ్బుతో చిన్న వ్యాపారం పెట్టుకున్నవాడు కొన్ని నెలల పాటు "నేను మారాను" అని అభ్యాసం చెయ్యగలిగాడని ఆ పరీక్ష జరిపిన క్రిస్టొఫర్ బ్లాట్‌మన్ బృందం వివరణ. జేబులో నాలుగు రూకలున్నవాడికి నిగ్రహం కాస్త సులువు. మన పల్లెల్లో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు.

అదే ఆలోచనతో చికాగోలో 2017లో రెడీ అనే కార్యక్రమం మొదలైంది. పద్దెనిమిది నెలల పాటు జీతమిచ్చే పని, దానితో పాటు థెరపీ. చేర్చుకున్నవాళ్లు మామూలువాళ్లు కారు. మూడింట ఒక వంతు మందికి పైగా అప్పటికే ఒకసారి తూటా తగిలింది. మొత్తం హింసను కలిపి కొలిస్తే తేడా స్పష్టంగా కనిపించలేదు. కాల్పులు, హత్యల అరెస్టుల వరకు చూస్తే మాత్రం 65 శాతం తగ్గుదల. గణాంకాల కోణంలో అది కూడా తిరుగులేని రుజువు కాదని రాసినవాళ్లే చెప్పారు. వీధుల్లో తిరిగే కార్యకర్తలు స్వయంగా ఎంచి తెచ్చినవాళ్లలో తగ్గుదల మరింత ఎక్కువ. ఎవరు ప్రమాదపు అంచున ఉన్నారో కంప్యూటర్ కంటే ఆ వీధి మనిషికే బాగా తెలుసన్నమాట. నాకు బాగా నచ్చిన ఫలితం ఇదే.

ఆ వీధి మనుషుల మీదే పెద్ద అభ్యంతరం కూడా ఉంది. చాలామంది ఒకప్పుడు ముఠాల్లో తిరిగినవాళ్లు, జైలుకు వెళ్లొచ్చినవాళ్లు. వాళ్లలో ఒకడు మళ్లీ అరెస్టయితే పత్రికలకు పండగ. "దొంగ చేతికి తాళాలిస్తారా?" అని అడిగేవాళ్లను నేను తప్పుపట్టను. కానీ తుపాకి బొడ్లో పెట్టుకున్న పదిహేడేళ్లవాడు నా మాట వింటాడా? పట్టా ఉన్న మనోవైద్యుడి క్లినిక్‌కు మూడు వారాల తరువాత అపాయింట్‌మెంటు తీసుకుని వెళతాడా? ఎయిడ్స్, క్షయ వ్యాధుల మీద ఆఫ్రికాలో పనిచేసి వచ్చిన గ్యారీ స్లట్‌కిన్ అనే వైద్యుడు 2000లో చికాగోలో ఈ పద్ధతి మొదలుపెట్టినప్పుడు ఆయన తర్కం కూడా ఇదే. రోగుల దగ్గరికి వాళ్లు నమ్మే మనిషి వెళ్లాలి. ఆ పద్ధతి కొన్ని నగరాల్లో ఫలించింది, కొన్నిచోట్ల ఫలించలేదు. జీతాలు సరిగా అందక మనుషులు ఏడాదికొకసారి మారిపోతూ ఉంటే ఏ నమ్మకం నిలుస్తుంది?

2022లో టెక్సస్ రాష్ట్రంలోని యువాల్డీ బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయిన నెల రోజులకు రెండు పార్టీలూ కలిసి ఒక చట్టం చేశాయి. బడుల్లో కౌన్సెలర్లకు, వాడల్లో పనిచేసే ఇలాంటి సంస్థలకు అందులో డబ్బు పెట్టారు. 2025 ఏప్రిల్‌లో విద్యాశాఖ బడుల మానసిక ఆరోగ్య గ్రాంట్లు సుమారు వంద కోట్ల డాలర్ల మేర నిలిపేస్తున్నట్టు చెప్పింది. అదే నెలలో న్యాయశాఖ వాడల్లోని హింస నివారణ సంస్థల గ్రాంట్లు కూడా రద్దు చేసింది. మూడేళ్లలో సంతకం పెట్టడం, మనుషుల్ని పెట్టుకోవడం, వాళ్లను ఇంటికి పంపించడం అన్నీ అయిపోయాయి.

తుపాకి ఎక్కడుంది?

నా వాదనకు గట్టి దెబ్బ కొట్టే ఉదంతం ఒకటుంది, దాన్ని దాటవేస్తే నిజాయితీ కాదు. మిషిగన్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూలు, 2021 నవంబరు 30. పదిహేనేళ్ల కుర్రవాడు లెక్కల కాగితం మీద తుపాకి బొమ్మ గీసి, ఆలోచనలు ఆగడం లేదు, సాయం చెయ్యండి అని రాశాడు. టీచరు చూసింది. కౌన్సెలర్ పిలిపించాడు. తల్లిదండ్రులను రప్పించారు. అందరూ ఒక గదిలో కూర్చున్నారు. మానసిక ఆరోగ్యం గురించి మనం కోరుకునేవన్నీ ఆ పొద్దున జరిగాయి. కానీ తల్లిదండ్రులు పిల్లవాణ్ణి ఇంటికి తీసుకెళ్లకుండా వెళ్లిపోయారు. సంచి ఎవరూ తెరిచి చూడలేదు. నాలుగు రోజుల కిందటే తండ్రి కొన్న పిస్తోలు ఆ సంచిలోనే ఉంది. మధ్యాహ్నానికి నలుగురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. 2024లో తల్లికీ తండ్రికీ పదేళ్ల నుంచి పదిహేనేళ్ల శిక్ష పడింది. బిడ్డ బడిలో జరిపిన సామూహిక కాల్పులకు అమెరికాలో తల్లిదండ్రులకు నరహత్య నేరం కింద శిక్ష పడటం అదే మొదలు.

కౌన్సెలర్ గదిలో మాట్లాడటం ఒక్కటీ చాలదని ఆ సంచి చెబుతోంది. మాకు దగ్గరలోనే హైలాండ్ పార్కు అనే ఊళ్లో 2022 జులై 4న స్వాతంత్ర్య దినపు ఊరేగింపు మీద కాల్పులు జరిగి ఏడుగురు చనిపోయారు. ఆ కుర్రవాడి ఇంటికి 2019లోనే పోలీసులు వెళ్లి కత్తులు స్వాధీనం చేసుకున్నారు. అయినా తరువాత తుపాకి లైసెన్సుకు తండ్రే పూచీ సంతకం పెట్టాడు. ఈ రెండు చోట్లా లోపం కబుర్లలో లేదు, తుపాకి అంత సులువుగా చేతికి అందడంలో ఉంది. అందుకని, కౌన్సెలింగ్ పెట్టాం కనుక ఇక తుపాకుల చట్టాలు అక్కర్లేదనే నాయకుడి పక్కన నిలబడటానికి నేను సిద్ధంగా లేను. వాడల కార్యక్రమాలు వ్యవధి ఇస్తాయి. ఆ వ్యవధిలో చేతికి అందేంత దూరంలో తుపాకి లేకుండా చూడటం వేరే పని, అదీ చెయ్యాలి.

మన అల్మరాల్లో

మా గ్రూపులో భయమంతా బడి గేటు దగ్గరే ఉంది. అమెరికాలో తుపాకి వల్ల పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలేనన్న మాట అక్కడ ఎవరి నోటా రాదు. పదిహేను నుంచి ఇరవై నాలుగేళ్ల ఆసియా సంతతి యువతలో మరణాలకు మొదటి కారణం ఆత్మహత్య. మొదటి కారణం! మన ఇళ్లలో ఈ విషయం కాలేజీ ప్రవేశ పరీక్ష ఎస్ఏటీ మార్కుల కింద, "వాడికేం, బంగారంలాంటి పిల్లాడు" అనే మాట కింద కూరుకుపోతుంది.

ఏడాది కిందట మా కుటుంబ స్నేహితుల గృహప్రవేశానికి వెళ్లాం. ఇల్లు చూపిస్తూ ఆ అన్నయ్యగారు పడకగది అల్మరాలో, పట్టుచీరల అర పైన ఉన్న పిస్తోలు గర్వంగా చూపించారు. చుట్టుపక్కల దొంగతనాలు పెరిగాయని కొన్నారట. తాళం లేదు, పెట్టె లేదు. "రాత్రి పూట తాళంచెవి వెతుక్కుంటూ కూర్చోవాలా అమ్మా?" అన్నారు. వాళ్ల అబ్బాయి ఆ రోజు కిందికి దిగలేదు. పరీక్షలున్నాయని వదిన చెప్పింది. భోజనాల తరువాత నేను ఆమెను పక్కకు పిలిచి అబ్బాయి ఎలా ఉన్నాడని అడిగితే, కొన్ని నెలలుగా సరిగా తినడం లేదనీ నిద్రపోవడం లేదనీ చెప్పి, "ఎవరితో అనకు" అంది. అన్నాను. అన్నయ్యగారితోనే అన్నాను. ఆ పూట వాళ్లిద్దరికీ నా మీద కోపం వచ్చింది. వారం తరువాత ఆయన తాళమున్న పెట్టె కొన్నారు. అబ్బాయిని బడి కౌన్సెలర్ దగ్గరికి పంపారు. ఇప్పుడు తొలగిస్తున్న ఉద్యోగాల్లో అలాంటిదే ఒకటి.

చచ్చిపోవాలన్న నిర్ణయానికీ ప్రయత్నానికీ మధ్య చాలామందిలో గడిచేది నిమిషాలేనని బతికి బయటపడ్డ యువతను అడిగి చేసిన అధ్యయనాలున్నాయి. నాలుగోవంతు మంది అయిదు నిమిషాల లోపే అన్నారు. తుపాకితో చేసిన ప్రయత్నాల్లో పదింట తొమ్మిది ప్రాణాంతకం. చికాగో వాడలో బస్సు స్టాపు దగ్గర కుర్రవాడికి కావలసిందీ, మన ఇంటి పైగదిలో కుర్రవాడికి కావలసిందీ వేరువేరు కావు. కాస్త వ్యవధి, ఒక మనిషి, చేతికందని తుపాకి. అలాంటి ఆలోచనలు వచ్చినవాళ్ల కోసం అమెరికాలో ఉన్న 988 నంబరుకి ఫోను చేస్తే రాత్రీ పగలూ ఒక గొంతు పలుకుతుంది, ఆ నంబరు ఫ్రిజ్ మీద అతికించండి. ఇల్లినాయ్‌లో 2026 జనవరి నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల చేతికి అందే అవకాశమున్న ఇంట్లో తుపాకికి తాళం వెయ్యాలన్నది చట్టం. అన్నయ్యగారు ఈ చట్టం గురించి నాకే వాట్సాప్‌లో పంపించారు, ఏ వ్యాఖ్యా లేకుండా.

ఇవన్నీ గుదిగుచ్చి మా స్కూలు బోర్డుకు ఒక ఉత్తరం రాశాను. కౌన్సెలర్ జీతాన్ని గ్రాంటులోంచి తీసి, మన ఆస్తి పన్నుల నుంచి వచ్చే మామూలు బడ్జెట్‌లో పెట్టమన్నాను. బస్సు డ్రైవరు జీతం గ్రాంటు వస్తేనే ఇస్తామని ఎవరూ అనరు కదా. బోర్డు సభ్యులొకరు మర్యాదగానే జవాబిచ్చారు: దీనివల్ల కాల్పులు తగ్గాయని ఎలా కొలుస్తారని అడిగారు. మా పట్టణంలో కాల్పులు జరిగింది అరుదు, తగ్గినట్టు చూపించడానికి అంకెలు ఉండవు. ఆయన అడిగింది సరైన ప్రశ్నే. పిల్లలను పేరు రాయకుండా కాగితం మీద ఒక్క ప్రశ్న అడగమని తిరిగి రాశాను: నీకో నీ స్నేహితుడికో భయం వేసిన రోజున ఈ భవనంలో ఎవరి దగ్గరికి వెళతావు? ఖాళీగా వచ్చిన కాగితాలు ఎన్నో ఈ ఏడాది లెక్కపెట్టండి, కౌన్సెలర్ వెళ్లిపోయిన తరువాతి ఏడాది మళ్లీ లెక్కపెట్టండి. బడ్జెట్ సమావేశం వచ్చే నెలలో ఉంది. ఆ సాయంత్రం గ్రూపులోంచి ఎంతమంది వస్తారో తెలియదు గాని, వదిన మాత్రం వస్తానంది.